చెంపదెబ్బ కొట్టిన హీరో

పెడనలో మా కలంకారీ షెడ్డులో మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను నవల పైకి చదువుతాను. నాతోపాటు అచ్చులు వేసే ఆరుగురు ఆడవాళ్లూ వింటారు. బాగా చదువుతానని నాకు కొంచెం గర్వం కూడా ఉంది.

ఈ రోజు చదివిన చోట హీరో, హీరోయిన్ని చెంప మీద కొట్టి, వెంటనే దగ్గరికి తీసుకుని ఏడ్చాడు. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

"ప్రేమ ఉన్నవాడికే అంత కోపం వస్తుందమ్మా," అంది శేషమ్మత్త. మా అందరిలోకీ పెద్దది ఆవిడే. నేనూ అవునన్నాను. వారం రోజులుగా ఆ హీరోని వెనకేసుకొస్తున్నది నేనే.

అప్పుడు లక్ష్మి నోరు విప్పింది. నాగాయలంక నుంచి ఇక్కడికి కాపురానికొచ్చిన పిల్ల. పనిలో చేరి మూడు నెలలైనా ఏ కథ మీదా ఒక్క మాట అనలేదు.

"కొట్టాక ఏడవడం మా ఆయనకీ వచ్చక్కా. మర్నాడు మళ్లీ మామూలే."

శేషమ్మత్త లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్లబట్టే?"

"పెళ్లైన కాణ్ణుంచీ."

"సాయంత్రం నీతో నేనొస్తాను. మీ ఆయన నన్ను అత్తా అనేగా పిలుస్తాడు. నేను మాట్లాడతాను."

అయిదింటికి ఇద్దరూ కలిసే వెళ్లారు. నేను బస్సెక్కి బందరొచ్చి, నవల అద్దె షాపులో ఇచ్చేశాను.

"అప్పుడే అయిపోయిందా అండీ?" అన్నాడు షాపాయన.

"సగమే చదివానండి. చాలు," అన్నాను.

పక్కనే ఉన్న నెట్ సెంటర్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. హీరో చెయ్యెత్తని ప్రేమ నవల ఏదైనా తెలిస్తే పేరు చెప్పండి. రేపు మధ్యాహ్నానికి కావాలి.