పాలు మాన్పించే సోమలమ్మ

నర్సీపట్నంలో చంటిబిడ్డకు పాలు మాన్పించాలంటే సోమలమ్మ రావాల్సిందే. 1926 నాటి మాట ఇది. ఆవిడ వైద్యం చదవలేదు, మంత్రాలూ రావు. మొగుడు సింగన్నతో కలిసి బలిఘట్టం దారిలో ఎకరంన్నర చేను చేసుకునే మనిషి. అయినా పిల్ల చన్ను వదలక ఏ తల్లి తల పట్టుకున్నా, "సోమలమ్మని పిలవండర్రా" అనేవారు.

వేపాకు నూరి రాయడమంటే ఆవిడకు ఒళ్లుమంట. "నిన్నటిదాకా తీపైన అమ్మ ఇయాల సేదైపోద్దా? ముందు ఆ ఏపాకు మీ నోట్లో ఏసుకోండి!" అని కడిగేసేది. ఆవిడ లెక్క వేరు. వారానికి ఒక్క పూట పాలే ఆపాలి. బిడ్డకు అంతగా పట్టని పూట ముందు, ప్రాణమైన పూట ఆఖరున. ఆపిన పూటల్లా గోరువెచ్చని సోళ్ల జావలో, అదే రాగిజావలో, బెల్లం వేసి పట్టాలి. తల్లికి రొమ్ములు సలిపితే మల్లెపూలు గుడ్డలో పెట్టి కట్టాలి. పెళ్లాం తలలో పెట్టుకుంటుందని మురిసి మూరలకు మూరలు పూలు తెచ్చిన మొగుళ్లు, అవి ఎక్కడికి పోయాయో తెలిసి మొహాలు వేలాడేసేవారు, పాపం!

"బిడ్డ బేగినే మానేత్తాది. మాననిది తల్లే" అనేది సోమలమ్మ. చాటుగా పాలిచ్చే తల్లుల్ని ఇట్టే పట్టేసేది. బడిమేష్టారి భార్య వెంకటరత్నమ్మ ఒకసారి వంటింటి మూల పిల్లాణ్ణి కొంగు కింద దాచుకుని దొరికిపోయింది.

"గుక్కెడేనే సోమలమ్మా, వాడు ఏడుస్తుంటే చూడలేక..."

"మీ గుక్కెడంటే గుండిగెడమ్మగారూ! ఇలాగైతే ఆడు పెళ్లిపీటల మీద కూడా మీ ఒళ్లోనే కూకుంటాడు!"

ఇంత నోరున్న సోమలమ్మ ఇంట్లో ఏం జరుగుతోందో ఊరికి తెలియదు.

ఆవిడకు నలభయ్యో ఏట పుట్టిన ఆఖరి పిల్ల సీతాలు. రెండున్నరేళ్లు నిండినా పాలు తాగుతూనే ఉంది. పెద్దకూతురు దేవుడమ్మను నాతవరం ఇచ్చారు. ఆ పిల్లకు తొలి కానుపు, పుట్టింటికి పురిటికి వస్తోంది. కూతురు బిడ్డను కనే వేళకు తల్లి చంకలోనూ పాలు తాగే పిల్ల ఉంటే నలుగురూ నవ్వరూ? అందుకే రెండు నెలల ముందే సోమలమ్మ మొదలుపెట్టింది. మూడు పూటలు తన పద్ధతి ప్రకారమే చక్కగా ఆగిపోయాయి. నాలుగోది, మధ్యాహ్నం పడుకోబోయే ముందుది, ఆగలేదు.

సీతాలు ఆపలేదనుకునేరు, సోమలమ్మే ఆపలేదు. ఈ పిల్ల తర్వాత ఇంకెవరూ తన ఒళ్లో పడుకుని అలా పైకి చూడరని ఆవిడకు గుండెల్లో బెంగ. "నీ పిల్ల మానేసిందటే?" అని అమ్మలక్కలు అడిగితే, "ఎప్పుడో! ఎవులి కూతురనుకున్నారు?" అని బోర విరిచేది. మధ్యాహ్నం కాగానే గాదె వెనక్కి చేరేది. సీతాలు ఓ రోజు నలుగురి ముందే "అమ్మా, గాదెనక్కి ఎల్దామా?" అని గట్టిగా అడిగేసింది. "వడ్లు సూపించమంటందమ్మా, పిచ్చిమొద్దు" అని సోమలమ్మ చెమటలు తుడుచుకుంది.

దేవుడమ్మ నాటుబండిలో వచ్చింది. పదో రోజు తెల్లవారేసరికి పండులాంటి మగపిల్లాణ్ణి కంది. ఆ రోజుల్లో ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసేవారు. ఇప్పుడైతే డాక్టర్లు తిట్టిపోస్తారనుకోండి. మూడో రోజుదాకా ఇరుగుపొరుగు బాలింత ఎవరో ఒకరు పాలిచ్చి ఆదుకునేవారు. అలాంటి తల్లిని పిలుచుకురమ్మని సోమలమ్మ సింగన్నను వీధిలోకి తోలింది. వెళ్లినంత సేపు పట్టలేదు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఏటయింది?"

"ఏటవుద్ది? ఈదిలో పాలిచ్చే తల్లి ఒక్కత్తీ నేదు. ఏ గుమ్మం కాడికెళ్లినా, 'మీ ఆడదేగా మాన్పించింది' అని నన్ను పట్టుకుని నవ్వుతన్నారు!"

సోమలమ్మకు నవ్వు రాలేదు. బెల్లం నీళ్లు పడితే పిల్లాడు కక్కేశాడు. ఆవుపాలూ అంతే. పొద్దెక్కేకొద్దీ వాడి ఏడుపు సన్నబడిపోతోంది. "అమ్మా, బిడ్డ నీరసపడిపోతన్నాడే!" అని దేవుడమ్మ ఏడుపు లంకించుకుంది. పురిటి గది గుమ్మం అవతల చూడవచ్చిన ఆడవాళ్లు, వాళ్లలో వెంకటరత్నమ్మ కూడా.

పోతే పరువే కదా పోయేది! సోమలమ్మ మనవణ్ణి అందుకుని గోడకు చేరగిలబడి కొంగు కప్పింది. పిల్లాడు గుటకలు వేస్తున్న చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. దేవుడమ్మ ఏడుపాపి నోరు తెరిచింది.  గుమ్మం అవతల వెంకటరత్నమ్మ గొంతు లేచింది.

"సోమలమ్మా! అది గుక్కెడా, గుండిగెడా?"

ఇక చూస్కోండి, పొట్టలు పట్టుకుని నవ్వులు. "నవ్వండమ్మా నవ్వండి! నాను మానీసుంటే ఇయాల ఈడి గతేటి?" అని సోమలమ్మ కొంగులోంచే ఎదురు తిరిగింది. పిల్లాడి ఒంట్లోకి జీవం వచ్చింది, అది చాలు ఆవిడకు.

ఇంతలో ఆడుకుంటున్న సీతాలు లోపలికి వచ్చింది. సోమలమ్మ కొంగు ఇంకాస్త కిందికి లాక్కుంది. ఈ గుంట చూసి ఎంత రభస చేస్తుందో ఏమో! సీతాలు దగ్గరకొచ్చి, వేలితో పిల్లాడి అరికాలు ముట్టుకుంది.

"ఎవులే?"

"మీ అప్ప కొడుకే. నువ్వు ఈడికి పిన్నివి."

"నాను పిన్నినా?" అని సీతాలు నడుం మీద చెయ్యి వేసుకుంది.

మధ్యాహ్నం పిల్లాడు నిద్రపోయాక సోమలమ్మే కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, "రాయే, నీక్కూడా ఉన్నాయి" అంది.

"సీ! పిన్నులు పాలు తాగుతారేటి? నాకు జావెట్టు" అని సీతాలు ఒళ్లోంచి జారిపోయింది.

సోమలమ్మ జావ పోసి, బెల్లం కాస్త ఎక్కువే వేసింది. సీతాలు గటగటా తాగి, మూతి తుడుచుకుని, తాను పిన్నినని వీధంతా చాటడానికి పరుగెత్తింది. సోమలమ్మ అక్కడే కూలబడి బావురుమంది.

మంచం మీంచి దేవుడమ్మ కంగారుపడింది. "అదేటమ్మా? మంచిదే కదా, దానంతటదే మానీసింది!"

"మంచిదేనే. నువ్వు మానీసిన్నాడూ నాను ఇలాగే ఏడిసేను." సోమలమ్మ కళ్లు ఒత్తుకుని, నిద్రపోతున్న మనవడి వంక చూసి నవ్వేసింది. "ఈడు మానీసిన్నాడు నన్ను పిలు. మాన్పించడానిక్కాదు, నీ పక్కన కూకోడానికి."