మైకులో వినబడిన ఒప్పుకోలు

ఇంటర్ చదువుతున్నప్పుడే మా సంఘంలో ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే పని నాకు అప్పగించారు. చెప్పవలసింది మరీ ఎక్కువేమీ కాదు. మనుషులందరూ పాపులే, అందులో పెద్దా చిన్నా లేదు. మన మంచిపనులు మనల్ని రక్షించలేవు. యేసు ప్రభువు మన బదులు శిలువ మీద చనిపోయి తిరిగి లేచాడు. ఆయనను నమ్మి, చేసిన తప్పు ఒప్పుకున్నవాళ్ళను దేవుడు ఉచితంగా క్షమిస్తాడు. ఒకసారి క్షమించాక ఆ తప్పును మళ్ళీ జ్ఞాపకం చేసుకోడు. ఈ చివరి మాట నాకు చాలా ఇష్టం. పలక మీద బలపంతో "పాపం" అని రాసి, తడిబట్టతో తుడిచి, "ఇప్పుడేమున్నది?" అని అడిగేదాన్ని. "ఏం లేదక్కా!" అని పిల్లలు రేకుల షెడ్డు అదిరేటట్టు అరిచేవాళ్ళు. నేను కూడా వాళ్ళంత గట్టిగానే నమ్మాను.

దుమ్ముగూడెం నుంచి పర్ణశాల పోయే దారిలో మా ఊరు. నాన్న ఆటో నడిపేవాడు. భద్రాచలం వచ్చిన భక్తులను పర్ణశాలకు తీసుకుపోయి, వాళ్ళ దర్శనం అయ్యేదాకా చెట్టునీడన ఆటోలో కునుకు తీసి, మళ్ళీ తెచ్చి దింపేవాడు. నాన్నవాళ్ళది తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. అమ్మది కాదు. ఆమె పుట్టింది రోడ్డు వదిలి వాగు దాటి పోవలసిన అడవి ఊరిలో. వాళ్ళకు వాళ్ళ దేవతలున్నారు, పండుగలున్నాయి, వాళ్ళ భాష ఉంది. నాన్నను చేసుకోకముందే, ఒక ప్రార్థన కూటంలో దేవుని వాక్యం విని, అమ్మ తనంతట తాను నమ్ముకుంది. గోదావరిలో బాప్తిస్మం తీసుకున్న రోజు పుట్టింటివాళ్ళెవరూ రాలేదు. ఇంటి దేవతను విడిచినదానితో మాకు సంబంధం లేదన్నారు. వచ్చింది ఒక్క మామే. అమ్మకు అన్న. ఒడ్డున పొడిచీర పట్టుకుని నిలబడ్డాడట. ఊరివాళ్ళు నిలదీస్తే, "దేవుణ్ణి మార్చుకున్నది గాని, చెల్లె మారుతదా?" అన్నాడట. ఈ మాట అమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో.

మామ మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాడు. ఇప్పపువ్వో, తేనో, అడవిలో దొరికిన గడ్డలో. మేము అన్నానికి ముందు ప్రార్థన చేస్తుంటే చెయ్యి కంచంలో పెట్టకుండా ఆగేవాడు. కళ్ళు మాత్రం మూసుకునేవాడు కాదు. అమ్మ అతని కోసం రోజూ ప్రార్థన చేసేది. నమ్మనివాడికి రక్షణకు వేరే దారి లేదని మా సంఘంలో చెప్పేవాళ్ళు కదా, ఆ భయం అమ్మకు ఉండేది. మామకు ఆ విషయం తెలుసు. నవ్వి ఊరుకునేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఎండాకాలం, మామ మంచాన పడ్డాడు. కాళ్ళు వాచి, ఆయాసంతో లేవలేకపోయాడు. అత్త అప్పటికే లేదు. కొడుకు కూలికి ఎక్కడికో పోయి ఉన్నాడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని చూడటానికి పోయింది. సరిగ్గా అప్పుడే ఆ ఊరిలో విత్తనాల పండుగ. తొలకరికి ముందు ప్రతి ఇంటి నుంచి ఒకరు చేటలో విత్తనాలు తీసుకుపోయి దేవత ముందు పెడతారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళే పెట్టాలి. పెట్టని ఇంటివాళ్ళు ఆ ఏడు ఊరితో కలిసి విత్తకూడదు.

మామ మంచంలోంచే అడిగాడు. "నేను లేవలేను. పోరడు లేడు. ఈ ఇంట్ల పుట్టినదానివి నువ్వే ఉన్నవు."

 అమ్మ లేచి చేట అందుకుంది.

నేను దూరంగా నిలబడి చూశాను. అమ్మ అందరితోపాటు దేవత రాయి ముందు చేట దించి వంగింది. ఒక ముసలామె నుదుటన పసుపు పెడితే పెట్టించుకుంది. చిన్నప్పటి స్నేహితురాళ్ళనుకుంటా, ఆమె చుట్టూ చేరి ఏదో అని నవ్వారు. అమ్మా నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు వాగు దగ్గర ఆగి మొహం కడుక్కుంది. కడుక్కుంటూనే ఏడ్చింది.

వారం తిరగకముందే అన్నం తినడం తగ్గించింది. విగ్రహానికి మొక్కానన్న బాధ ఆమెను తినేస్తోంది. ఒంటరిగా పోలేక, నన్ను తీసుకుని పాస్టరు గారింటికి పోయింది. మేమంతా ఆయనను అయ్యగారు అనేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చి మా ఊరిలో సంఘం పెట్టిన మనిషి. నాన్నకు మలేరియా వస్తే తన సైకిలు మీద దవాఖానాకు తీసుకుపోయిన మనిషి. ఆయన ముందు అమ్మ కింద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. మామ అడిగిన మాట, తాను చేసింది, నవ్వింది కూడా చెప్పింది.

అయ్యగారు ఓపికగా విన్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. తర్వాత అన్నారు: "దేవుడు క్షమించాడమ్మా. క్షమించినదాన్ని ఆయనే మర్చిపోతాడు. ఇంక నువ్వెందుకు తవ్వుకుంటావు? ఇది నీకూ నాకూ దేవుడికీ మధ్యనే ఉంటుంది."

అమ్మ ఆ పూట కడుపునిండా తిన్నది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. పిల్లలకు నేను చెప్పే పాఠం మా ఇంట్లోనే నిజమైంది.

వరికోతలు అయ్యాక కోసిన మడిలోనే మా సంఘం సువార్త కూటాలు పెట్టింది. పందిరి, ట్యూబులైట్లు, నాలుగు దిక్కులా మైకులు. అడవి ఊళ్ళ జనాన్ని ట్రాక్టర్ల మీద తెచ్చారు. మామ కొడుకు కూడా వచ్చాడు. అప్పటికి మామ కొంచెం కోలుకుని ఇంట్లో అటూ ఇటూ నడుస్తున్నాడు. మొదటి రోజు సాయంత్రం బయటి నుంచి వచ్చిన బోధకుడు మాట్లాడాడు. పిలిచినా ఎవరూ ముందుకు రాలేదు. రెండో రోజు అయ్యగారే లేచారు.

"మన సంఘంలోనే ఒక సహోదరి ఉంది" అని మొదలుపెట్టారు. "అడవి ఊరి నుంచి ప్రభువు పిలిచిన బిడ్డ. భర్త ఆటో నడుపుతాడు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఇంకా తన గురించి కానట్టే వింటోంది.

అయ్యగారు చెప్పుకుపోయారు. ఆ సహోదరి అన్న పెద్ద మంత్రగాడట. దేవతకు మొక్కకపోతే నీ పిల్లలు బతకరని బెదిరించాడట. ఈమె భయపడి పోయి దయ్యపు రాయికి సాష్టాంగపడిందట. ఆ రోజు నుంచి ఆమె ఒంట్లో మంట పుట్టిందట. చివరికి దైవసేవకుడి కాళ్ళ దగ్గర పడి ఒప్పుకుంటే, ఆయన చెయ్యి పెట్టగానే మంట చల్లారిందట.  జనం "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. "మీలో పాపంలో పడిపోయినవాళ్ళు ముందుకు రండి" అని పిలిస్తే, చాలామంది ఏడ్చుకుంటూ ముందుకు పోయారు.

మా ముందు వరసలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి అమ్మను చూసి మళ్ళీ అటు తిరిగారు. ఒకామె జాలిగా అమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. అమ్మ ఆ చెయ్యి తీసేసింది.

మంత్రగాడు అనే మాట పట్నంలో కథలాగా ఉంటుందేమో. మా వైపు అది ప్రాణం మీదికొచ్చే మాట. ఊరిలో ఒక గొడ్డు చచ్చినా, ఒక పిల్లకు జ్వరమొచ్చినా, ఆ పేరు పడినవాడి ఇంటి మీదికి పోతారు. ఆ రాత్రి అమ్మ నాన్నతో అన్నది ఒకటే మాట: "నా సంగతి పోనీ. మా అన్నను గట్లెందుకన్నడు?"

పొద్దున్నే నేను అయ్యగారింటికి పోయాను. ఆయన వసారాలో కూటాలకు తెచ్చిన కుర్చీల తాళ్ళు విప్పిస్తున్నారు.

"అయ్యగారూ, మా అమ్మ సంగతి ఎందుకు చెప్పిన్రు?"

"పేరు చెప్పలేదు కదమ్మా."

"పేరొక్కటే చెప్పలే. అన్నీ చెప్పిన్రు. జరగనియి గూడ చెప్పిన్రు. మా మామ ఎవర్ని బెదిరించిండు?"

ఆయన చిరాకు పడలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తుండిపోయింది. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పారు. "ఎంతమంది ముందుకొచ్చారో చూశావు కదా. మీ అమ్మ తప్పును కూడా దేవుడు వాడుకున్నాడు. సంతోషించాలి."

"దేవుడు మర్చిపోయిండన్నరు గదా మీరే."

"దేవుడు మర్చిపోతాడమ్మా. సంఘం జాగ్రత్తగా ఉండాలి కదా."

 ఆయన మళ్ళీ కుర్చీల వైపు తిరిగారు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. అమ్మ ఎప్పుడూ లేచేది కాదు. ఆ రోజు కొంగు తల మీద సర్దుకుని లేచింది.

"కూటాల్ల చెప్పింది నా గురించే" అన్నది. "అందరికీ ఎరుకే. ఆ పండుగకు పోయింది నేనే. మొక్కింది నేనే. నన్నెవలు బెదిరియ్యలే. మా అన్న మంత్రగాడు కాదు. లేవలేక నన్ను..."

అయ్యగారు పాట అందుకున్నారు. మైకు ఆయన చేతిలో ఉంది. డోలక్ కొట్టే అతను ఒక్క క్షణం ఆగి, తర్వాత కొట్టాడు. మగవాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత ఆడవాళ్ళు కూడా. అమ్మ పక్కన కూర్చునేవాళ్ళు, మా ఇంటికి వచ్చి చింతపండు అడిగి తీసుకుపోయేవాళ్ళు, వాళ్ళంతా చప్పట్లు కొట్టి పాడారు. అమ్మ పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఏమంటుందో పక్కనున్న నాకే వినబడలేదు. పాట చివరి చరణం రెండుసార్లు పాడించారు. అది అయ్యేసరికి అమ్మ చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి పోయింది. నేను పిల్లల పాఠం వదిలేసి ఆమె వెనక పరుగెత్తాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ షెడ్డులోకి పోలేదు. నాన్న కొన్నాళ్ళు ఒక్కడే పోయి, ఆయనా మానుకున్నాడు.

అటు నుంచి అటే మామ ఊరికి బయలుదేరింది అమ్మ. నాన్న మా ఇద్దరినీ వాగుదాకా ఆటోలో దింపాడు. అప్పటికే మామ కొడుకు పోయి అంతా చెప్పేశాడు. మామ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. "నేను నిన్ను మంత్రగాడని అనలే అన్నా. ఆయనే కల్పించిండు. నా పిల్లల మీద ఒట్టు."

"గది నాకు ఎరుకే" అన్నాడు మామ. "నువ్వు గట్ల అనవు."

అమ్మ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు మామ అడిగాడు.

"ఒకటి చెప్పు. నేను అడిగితె చేట పట్టినవు. మళ్ళ ఆయన కాడికి పోయి, తప్పు చేసిన అని ఏడ్చినవా? గది నిజమా, అబద్ధమా?"

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. నేనైతే చెప్పేదాన్నే.

"నిజమే. ఏడ్చిన" అన్నది అమ్మ.

"నా కోసం చేసింది నీకు పాపమైంది."

"నీ కోసం చేసినందుకు గాదు అన్నా..."

ఆ తర్వాత ఏం చెప్పాలో ఆమెకు రాలేదు. నాకూ రాదు. మేము నేర్చుకున్నదాంట్లో ఒకే దేవుడు, ఒకే దారి. ఆ దారిలో అన్న కోసం పక్కకు ఒక అడుగు వేస్తే అది పాపమే. అమ్మ దాన్ని నమ్మింది, అన్నను కూడా ప్రేమించింది. రెండూ నిజమే. మామకు అది ఎట్లా అర్థమవుతుంది? ఆయన వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. అమ్మ లేచి నిలబడింది. దారిలో నేను ఎంత అడిగినా ఆ మాట ఏమిటో చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ తర్వాత మామ మా ఇంటికి రాలేదు. అమ్మే పోయి వండిపెట్టి వచ్చేది. తినేవాడు, మాట్లాడేవాడు, వానల గురించి, కొడుకు గురించి. కాని పాత మనిషి కాదు. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి చనిపోయాడు. దినాల పనుల్లో అమ్మను ఏదీ ముట్టుకోనివ్వలేదు. "మళ్ళ పోయి ఏడుస్తవేమో" అన్నది ఒకామె. పండుగ రోజు అమ్మతో నవ్వినవాళ్ళలో ఆమె ఒకతె. అమ్మ ఒక పక్కగా కూర్చుని అంతా అయ్యేదాకా ఉండి వచ్చింది.

నేను చాలా ఏళ్ళు కోపంతో బతికాను. అయ్యగారి మీద కాదు, ఆ పాఠాల మీద. క్షమాపణ ఉచితం అన్నవాళ్ళే దాన్ని కూటానికి సరుకు చేసుకుంటే, ఇంక ఏది నమ్మాలి? అమ్మ మాత్రం నమ్మకం వదల్లేదు. ఇంట్లోనే తెల్లవారుజామున మోకరించేది. "నాకు మాటిచ్చింది దేవుడు, అయ్యగారు గాదు" అనేది. ఆ బలం నాకు లేదు. నేను ఇప్పుడు బూర్గంపాడులో ఉంటున్నాను. చర్చికి పోతాను, వెనక వరసలో కూర్చుంటాను. ఎవరికీ ఏమీ ఒప్పుకోను.

ఆ కూటాలు అయిన కొన్నేళ్ళకు అయ్యగారు మా ప్రాంతం విడిచి పోతూ అందరి ఇళ్ళకూ తిరిగారు. మా ఇంటికీ వచ్చారు. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. జుట్టు బాగా నెరిసింది. అమ్మ కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన ఆరోగ్యం అడిగింది, పిల్లల చదువు అడిగింది. ఆయన పాత సంగతి ఏమైనా ఎత్తుతారేమోనని నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఎత్తలేదు. నిజంగానే మర్చిపోయారేమో అనిపించింది. అది మరీ బాధనిపించింది. చివరికి ఆయన లేచి, అలవాటుగా చెయ్యి చాచి, "ప్రార్థన చేసుకుందామా అమ్మా" అన్నారు.

అమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది.

"పొద్దున చేసుకున్నం అయ్యగారూ" అన్నది. "ఎండ ముదురుతది. జల్దీ పోండ్రి."