వట్టి నీళ్లు నీలమైన రోజు

రెండువేల నాలుగులో, ఎండలు తగ్గే రోజుల్లో, గద్వాల వైపు ఒక చిన్న పశువుల ల్యాబులో నన్ను అటెండరుగా వేశారు. నా పెనిమిటి అదే శాఖలో పనిచేస్తూ పోయాడు, ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగం అది. సంతకం తప్ప నాకు రాదు. ఇప్పుడు కూడా నేను చెప్తుంటే కోడలు రాస్తోంది.

ల్యాబులో డాక్టరు సారు ఒకరు, నేను ఒకదాన్ని. ఊడ్చడం, తుడవడం అలా ఉంచితే నా అసలు పని గాజు గొట్టాలు కడగడం. దానికొక పద్ధతి ఉంది. ముందు పంపు నీళ్లు, తర్వాత ఆసిడ్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టడం, ఆ పైన ఆవిరి పట్టి చల్లార్చిన శుద్ధమైన నీళ్లతో ఐదుసార్లు తొలవడం. ఆసిడ్‌కు నా వేళ్లు పగిలేవి. గొట్టం శుభ్రమయ్యేది గానీ మెరిసేది కాదు.

ఆ వానాకాలం పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. గొట్టాలు తళతళలాడాలని బట్టల సబ్బు పౌడరు వేసి తోమాను. కరెంటు సరిగా లేక శుద్ధమైన నీళ్లు తక్కువున్నాయి, ఒక్కసారే తొలిచాను. ఆఫీసరు ఒక గొట్టం వెలుతురుకు పట్టి చూసి, "భేష్, గిట్లుండాలె" అన్నారు. ఉద్యోగంలో నన్నొకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఇక ఆ వారమంతా సబ్బుతోనే కడిగాను.

తనిఖీ అయిన నాలుగో రోజు గట్టు అనే ఊరి నుంచి ఈరమ్మ అనే ఆమె వచ్చింది. ఆమె బర్రె ఈని మూడు వారాలైంది, ఎర్రగా ఉచ్చ పోస్తోంది, మేత ముట్టడం లేదు. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క బర్రే. అక్కడి డాక్టరు రక్తం తీసి, సీసాను తడిగుడ్డలో చుట్టి, చీటీతో పంపారు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, పక్కవాళ్లెవరికీ తగలనీయకుండా తెచ్చానని చెప్పింది.

ఎర్రుచ్చకు ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి పశువు ఒంటికి పట్టి రక్తం తాగే పిడుదుల వల్ల వచ్చే జ్వరం, రెండోది ఈనిన బర్రె రక్తంలో భాస్వరం పడిపోవడం. దేని మందు దానిదే. సారు గాజు పలక మీద చుక్క రక్తం పూసి సూక్ష్మదర్శినిలో చూశారు, ఆ జ్వరం పురుగు కనబడలేదు. తర్వాత రక్తం మీద తేరిన నీటిని మందు వేసి పాలలా విరగ్గొట్టి, పైకి తేలినదాన్ని వేరే గొట్టంలో పోసి రంగు మందు కలిపారు. భాస్వరం ఎంత ఉంటే అంత నీలం పుడుతుంది. ఆ నీలాన్ని మిషన్ లెక్కగట్టి చెబుతుంది. నీలం బాగానే వచ్చింది. భాస్వరానికి లోటు లేదని సారు చీటీ రాసిచ్చారు. ఇక పిడుదుల మందే వాడతారు.

ఈరమ్మ చీటీ కొంగున ముడేసుకుని బస్సు కోసం వరండాలో కూర్చుంది. నేను గొట్టాలు తీసుకుని తొట్టి దగ్గరికి పోయాను. నాకు లెక్కలు రావు గానీ రంగులు తెలుసు. అంతకు ముందు రెండు ఎర్రుచ్చ బర్రెల గొట్టాలు కడిగాను, నీళ్లలా తెల్లగా ఉండేవి. ఇది ముదురు నీలం. ఆ వారం కడిగినవన్నీ ముదురే. ఆ వారం కొత్తగా వాడింది సబ్బొక్కటే. చెబితే ఆ భేష్ పోతుంది, ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోతే బర్రె పోతుంది.

"సారూ, గొట్టాలు బట్టల సబ్బుతోటి కడిగిన" అన్నాను.

"ఎన్ని రోజుల సంది?"

"తనిఖీ సంది."

సారు తిట్టలేదు. నేను కడిగిన గొట్టం ఒకటి తీసి, రక్తం వేయకుండా వట్టి శుద్ధమైన నీళ్లు పోసి, రంగు మందు కలిపారు. నీళ్లు నీలంగా మారాయి. సబ్బులోనే భాస్వరం ఉంటుందట. మిషన్‌కు సున్నా పెట్టే గొట్టం ఆయన బల్ల మీదే ఉండేది, నా చేతికి వచ్చేది కాదు. దానికి సబ్బు అంటలేదు, అందుకే తప్పు దొరకలేదు.

గుమ్మం దగ్గర నిలబడి ఈరమ్మ చూస్తోంది. "ఏంది సారు, నీళ్లకు గూడ రోగమొచ్చిందా?"

"రోగం నాదే అక్కా. జర కూసో, ఆ చీటీ నిజం కాదు" అన్నాను.

"కూసుంట గానీ, బస్సు పోతే నన్ను నువ్వే మోసుకపోవాలె మల్ల."

సారు బీరువాలోంచి ఎన్నడూ వాడని కొత్త గొట్టాలు తీశారు. రాత్రంతా నానబెట్టే వ్యవధి లేక వాటిని ఆసిడ్‌తో కడిగి, పరీక్షకు కొంచెం ఉంచి మిగతా శుద్ధమైన నీళ్లన్నీ పోసి ఐదుసార్లు తొలిచాను. ముందు వట్టి నీళ్లు పరీక్షించాం, తెల్లగానే ఉన్నాయి. ఆ తర్వాత ఫ్రిజ్‌లో మిగిలిన నమూనా. నీలం పుట్టీపుట్టనట్టు ఉంది. భాస్వరం బాగా పడిపోయింది. సారు గట్టు డాక్టరుకు ఫోన్ చేసి సూది మందు చెప్పి, ఈరమ్మకు కొత్త చీటీ ఇచ్చారు. బస్సు అందింది.

ఆ వారం చీటీలన్నీ తప్పేనని సారు అందరికీ కబురు చేశారు. రిజిస్టరులో నా పొరపాటు, నేనే చెప్పిన సంగతి, రెండూ రాశారు. నాకు మెమో రాలేదు. పది రోజులకు ఈరమ్మ పెరుగు గిన్నెతో వచ్చింది. "తిను, సబ్బు లేకుండ కడిగిన గిన్నెనే" అంది.

అప్పటినుంచి రిటైరయ్యే దాకా ప్రతి పరీక్షకూ ముందు, నేను కడిగిన గొట్టాల్లోంచి ఒకటి తీసి వట్టి నీళ్లు పోసి రంగు మందు కలిపేవాళ్లం. వాటికి రంగు రాకపోతేనే రక్తం పరీక్షకు తీసేవాళ్లం. శుభ్రమంటే మెరుపని అనుకున్నదాన్ని. ల్యాబులో శుభ్రమంటే నీళ్లు నీళ్లలాగే ఉండటం.