పాప ఏడ్చినప్పుడు లేచిన గీత

అమెరికాలో నోవై అనే ఊళ్లో మేముండే అపార్ట్‌మెంట్లలో డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్యలం దాదాపు అందరం యూట్యూబ్‌కి ఒకే వీడియో తీసేవాళ్లం. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన సంచీని కౌంటర్ మీద పెట్టడం, అందులోంచి కందిపప్పు తీయడం, ఇది కందిపప్పు అని చెప్పడం. ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటనలు వేయొచ్చని గోంగూర కట్ట విప్పడానికే నేను నిమిషమున్నర తీసుకునేదాన్ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషిని.

నాకిక్కడ పని చేసే అనుమతి లేదు. ప్రకటనల డబ్బు నా పేరున వస్తే రేపు గ్రీన్‌కార్డ్ దగ్గర ఏమవుతుందోనని భయం. అందుకని ఛానల్‌ని హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచు పేరున పెట్టాం. పాన్ కార్డు ఆమెది, బ్యాంకు ఖాతా ఆమెది, ముఖం నాది. పేరు మారిస్తే పని మారుతుందా అని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. చదువుకున్నవాళ్ల మూర్ఖత్వానికి ఉండే ధీమా వేరు.

పేరు ఇచ్చిన పుణ్యానికి ఆ అమ్మాయి మేనేజర్ అయిపోయింది. ఏ నిమిషంలో జనం వెళ్లిపోయారో రోజూ ఫోన్ చేసి చెప్పేది. గోంగూర దగ్గర సగం మంది పారిపోయారట. వాళ్ల తప్పేం లేదు.

ఒకరోజు వీడియో మధ్యలో మా మూడేళ్ల పాప స్టూల్ మీంచి జారిపడి ఏడ్చింది. నిడివి సరిపోవాలి కదా, ఆ ముక్క తీసేయలేదు. మర్నాడు ఫోన్ వచ్చింది.

"వదినా, పాప ఏడ్చిన చోట గ్రాఫ్‌లో గీత పైకి లేచింది. జనం వెనక్కెళ్లి మళ్లీ చూస్తున్నారు."

"దెబ్బ తగిలిందమ్మా దానికి."

"అయ్యో, తగ్గిపోయుంటుందిలే. వీడియో పైన కనిపించే తంబ్‌నెయిల్ బొమ్మకి ఆ ముఖమే పెట్టు."

పెట్టాను. ఆ నెల వచ్చినదాంతో ఆమె కొత్త మిక్సీ కొనుక్కుని మాకు ఫొటో పంపింది.

అక్కణ్ణుంచి గోంగూర పోయి పాప వచ్చింది. టీకా వేయించేటప్పుడు నర్సు కనిపించకుండా, సూది మాత్రం కనిపించేలా ఫోన్ పట్టుకోవడం నేర్చుకున్నాను. తల్లులకు కొత్తగా వచ్చిన విద్య.

జనవరిలో పార్కింగ్ లాట్‌లో మంచు మీద పాప బోర్లా పడింది. పెదవి చిట్లింది. పరిగెత్తి లేపాను. ఏడవడానికి తెరిచిన నోరు మూసుకుని నా చేతుల వైపు చూసింది.

"మమ్మీ, ఫోన్ తీయ్."

నా కుడిచెయ్యి అప్పటికే కోటు జేబులో ఉంది. ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి వచ్చానని అప్పుడే తెలిసింది. లేదన్నాను. అయితే ఇంక ఏడుపు దేనికన్నట్టు, కారుతున్న నెత్తురు నాకుతూ కారు దాకా నడిచింది.

ఇంటికి రాగానే పాప ఉన్న వీడియోలన్నీ తుడిచేశాను. హ్యాక్ అయిందేమోనని ఆడపడుచు కంగారుగా ఫోన్ చేసింది. నేనే తీసేశానని చెబితే, ఒక్క మాటైనా అడగాలి కదా వదినా అని నొచ్చుకుంది. నా కూతుర్ని నేనూ అడగలేదు మరి.

ఇప్పటికీ పాప పడితే ముందు నా చేతులే చూస్తుంది. రెండూ ఖాళీగా చాపాకే ఏడుస్తుంది.