లుండె పడవ మీద ఐదక్షరాలు

మా ఆయన ఓడ్వర్ ముప్పై నాలుగేళ్లుగా వినైల్ అక్షరాలు అతికిస్తున్నాడు. మిషన్ మీద కోసివ్వడం నా పని. చేపల పెట్టెల ప్లాస్టిక్ మీద ఏదీ నిలవదని ఇతరులు చేతులెత్తేస్తే, ముందు జిగురు మందు రాసి మరీ నిలబెట్టాడు. గరుకు ఇటుక గోడ మీద అక్షరాన్ని వేడిగాలితో మెత్తబరిచి, గుంట గుంటలోకీ అద్దాడు. ఆయన అతికించింది ఊడిందన్న మాట మా ఫ్యోర్డు ఒడ్డున ఎవరూ వినలేదు, గుడ్వేగ్ పడవ వచ్చేదాకా.

గుడ్వేగ్ ఫెర్రీలో వంట చేసి రిటైరైన మనిషి. డెబ్బై మూడేళ్ల వయసులో నున్నటి ఫైబర్ పడవ కొనుక్కుని దానికి ‘లుండె’ అని పేరు పెట్టింది. ఇంగ్లీషు లిపిలో ఐదంటే ఐదక్షరాలు, గంట పని. వారం తిరక్కుండానే మొదటి అక్షరం నీళ్లలో పడింది. మళ్లీ అతికిస్తే మళ్లీ ఊడింది. మూడోసారి ఐదూ రాలిపోయాయి.

“వినైల్ చుట్ట పాతదేమో,” అన్నాను.

“నిన్న విప్పిందే.”

“చలికేమో.”

“పద్దెనిమిది డిగ్రీలుంటే చలేమిటే! స్పిరిట్ పెట్టి రెండుసార్లు తుడిచాను కూడా.”

“మరెందుకు ఊడుతున్నాయి?”

“నాకేం తెలుసు? నా చేతుల్లో పట్టు పోయిందేమో ఇంగున్. ఈసారీ ఊడితే కొట్టు మూసేస్తా.”

నాకు ఒళ్లు మండింది. ఐదక్షరాల కోసం ముప్పై నాలుగేళ్ల పని వదిలేస్తాడా? కానీ ఆయన చేపల సూపు ముందు పెట్టుకుని తన అరచేతులకేసే చూస్తుంటే భయం కూడా వేసింది.

నాలుగోసారి నేనూ వెళ్లాను. ఆయన పడవను స్పిరిట్‌తో తుడవగానే గుడ్వేగ్ కేకేసింది. “ముందు కాఫీ తాగండయ్యా, వాఫిల్స్ చల్లారిపోతున్నాయి. నేనిప్పుడే వస్తా!” మా వైపు కాఫీకి పిలిస్తే కాదనరు. లోపలికెళ్లి కూర్చున్నాక కళ్లద్దాలు పడవ దగ్గరే మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను. గుడ్వేగ్ మోకాళ్ల మీద కూర్చుని, బకెట్‌లో పచ్చసబ్బు కలిపి, సరిగ్గా ఆయన తుడిచిన చోటే రుద్దుతోంది.

“ఇదేం పని గుడ్వేగ్?”

“మీ ఆయన రాసే ఆ కంపు మందు కడగొద్దూ? పనివాడు చెయ్యి పెట్టే చోటు మురికిగా ఉంటే పరువు పోయేది నాదే. వచ్చినప్పుడల్లా కడుగుతూనే ఉన్నానమ్మా.”

ఇక్కడ నేల దగ్గర్నుంచి పడవ దాకా అందరం పచ్చసబ్బుతోనే కడుగుతాం. అది పైన సన్నటి జిడ్డుపొర మిగులుస్తుంది, ఆ మెరుపు కోసమే వాడేది. దాని మీద ఏ జిగురూ పట్టదు. నవ్వాలో ఏడవాలో తెలియక ఓడ్వర్‌ని కేకేశాను. నోట్లో వాఫిల్‌తో వచ్చి అంతా విన్నాడు.

“సబ్బా?” అన్నాడు. నోట్లోది మింగి, “ప్రతిసారీనా?” అన్నాడు.

మళ్లీ స్పిరిట్‌తో తుడిచి, ఐదూ అతికించాడు. గుడ్వేగ్ సిగ్గుతో బకెట్‌ని తన వెనక దాచుకుంది. గంటాగి, మొదటి అక్షరం అంచు కింద గోరు దూర్చి గట్టిగా లాగాడు. అది మధ్యకి చిరిగింది.

“అయ్యో, చింపేశావేమిటయ్యా!” అంది గుడ్వేగ్.

మిగిలిన ముక్కను రెండు చేతులతో లాగుతూనే ఉన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

“చిరిగింది తల్లీ, చిరిగింది. కానీ చూడు, ఊడట్లేదు!”