పైలం, కార్డేటా

సముద్రం లేని ఊళ్ళో ఉంటూ సముద్రపు పిట్టల కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషిని నేను. జహీరాబాద్‌లో ఈ సంగతి ఎవరికీ సరిగ్గా ఎక్కదు. కింది వాటాలో ఉండే ఇంటావిడకు అసలే ఎక్కదు. ఆమె పుట్టిల్లు బీదర్ వైపు, భర్తది అల్లం వ్యాపారం, ఇంటినిండా మనుషులు, మెట్ల నిండా మట్టి. ప్రతి వసంతంలోనూ నేను సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే సరిగ్గా గుమ్మంలో దొరకబుచ్చుకుంటుంది.

“మళ్ల పోతున్నరా మేడం? మీరు కడియాలు తొడగకుంటే గా పిట్టలు ఎగురవా ఏంది?”

“ఎగురుతయి. ఎటు పోయినయో మనకు ఎర్కుండది, అంతే.”

“ఎర్క లేకుంటే ఏమైతది?”

జీవితమంతా ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినదాన్ని. పక్షుల వలస మీద గంటసేపు ఆపకుండా మాట్లాడగలను. ఆమె ప్రశ్నకు మాత్రం ఏటేటా చిరాకు పడి, బస్సు పోతుందని అబద్ధం చెప్పి బయటపడతాను.

మా వైపు వసంతమంటే పిట్టలు వెళ్ళిపోయే కాలం. చలికాలమంతా న్యాల్‌కల్ చుట్టుపక్కల శనగ చేల మీద తేలుతూ తిరిగిన పిల్లిగద్దలు ఉగాది నాటికి ఒకటొకటే మాయమవుతాయి. జొన్న చేల మీద మందలుగా వాలి రైతుల చేత నానా తిట్లూ తిన్న గులాబీ గోరింకలు మోదుగు పూల కోసం కొన్నాళ్ళు ఆగి, అవీ పోతాయి. వాటిని నేను దూరం నుంచి చూడాల్సిందే. మొగుడంపల్లి రోడ్డు పక్కన బైనాక్యులర్ పట్టుకుని నిలబడితే స్కూటర్ ఆపి, “గీడ ప్లాట్లు పడుతున్నయా మేడం?” అని అడిగినవాళ్ళున్నారు. లేదు, పిట్టలను చూస్తున్నానంటే నమ్మరు. ధర దాచిపెడుతున్నాననుకుంటారు.

సముద్రం దగ్గర అలా కాదు. అక్కడ పిట్ట చేతికొస్తుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవుల పక్కన ఒక అభయారణ్యం ఉంది. ఎండలు ముదరకముందు అక్కడి బురద నేలల మీద ఉల్లంకి పిట్టలు వేలాదిగా చేరి, ఉత్తరానికి పోయేముందు పురుగూ పుట్రా తిని ఒళ్ళు చేస్తాయి. చీకటి విడవకముందే సన్న వలలు కట్టి, చిక్కినవాటిని మెల్లగా విడదీసి, బరువు తూచి, రెక్క కొలిచి, కాలికి నంబరున్న చిన్న రింగు వేసి వదిలేస్తాం. రేపు ఇంకెక్కడో ఎవరికైనా ఆ పిట్ట దొరికితే, ఇక్కడి నుంచి వచ్చిందని తెలుస్తుంది. చాలా ఏళ్ళ క్రితం కాలేజీ అధ్యాపకులకని అక్కడ ఒక శిక్షణ పెట్టారు. నాతో వచ్చినవాళ్ళంతా ఫొటోలు దిగి ఇళ్ళకు పోయారు. నేను మాత్రం ఏటా ఆ రింగులేసే శిబిరానికి పోతూనే ఉన్నాను.

ఎందుకు పోతానో ఇంటావిడకు చెప్పలేదు గానీ ఇక్కడ చెబుతాను. ఉల్లంకిని పట్టుకోవడానికి ఒక పద్ధతుంది. దాని వీపు మన అరచేతిలో ఆనాలి, మెడ రెండు వేళ్ళ మధ్య ఉండాలి. నిమ్మకాయంత బరువు కూడా ఉండదు. దాని గుండె మాత్రం అరచెయ్యంతా కొట్టుకుంటుంది. రొమ్ము మీది ఈకలను నోటితో మెల్లగా ఊదితే చర్మం కింద పసుప్పచ్చటి కొవ్వు కనబడుతుంది. అదే దాని దారిబత్తెం. ఒంటరిగా బతికే మనిషి చేతికి తగిలేవి గిన్నెలు, తాళం చెవులు, కూరగాయల సంచి. వెచ్చగా, ప్రాణంతో ఉన్నదేదైనా నా చేతిలోకి వచ్చేది ఏడాదికి ఆ కొద్దిరోజులే. దానికోసమే పోతాను. నంబర్లూ కొలతలూ ఆ తర్వాత.

అక్కడ నాకొక ఆట కూడా దొరికింది, పొరపాటున. మొదటి ఏడు నా చేతి పిట్టను వదులుతూ, మా ఇళ్ళలో ఊరికి పోయేవాళ్ళకు చెప్పినట్టే, “పైలం!” అన్నాను. జాగ్రత్త అని. నాకు తెలియకుండానే నోటికొచ్చిన మాట అది. కొలతలు రాసుకుంటున్న అమ్మాయి, అప్పుడే పక్షుల మీద పరిశోధన మొదలుపెట్టిన కోనసీమ పిల్ల, కాగితంలోంచి తలెత్తకుండానే, “కార్డేటా!” అంది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. నేను పైలం అంటే ఆమెకు ఫైలం అని వినబడింది. జంతువులను వర్గాలుగా విడదీసి చెప్పే పాఠంలోని ఫైలం; పిట్టలు వచ్చే ఫైలం పేరు కార్డేటా. జంతుశాస్త్రం మేడం పిట్టను వదులుతూ కూడా ప్రశ్న వేస్తోందనుకుని జవాబు చెప్పింది!

శిబిరమంతా నవ్వు. “మేడంగారు కాలేజీ దాటొచ్చినా పాఠం వదల్లేదండీ,” అన్నాడు శిబిరం నడిపే పెద్దాయన. ఇక అదొక ఆట అయిపోయింది. నేను “పైలం!” అంటే అందరూ కలిసి “కార్డేటా!” అని అరిచేవారు. ఇంకెవరో “క్లాసు?” అనేవారు. “ఏవ్స్!” అని పక్షుల తరగతి పేరు ఇంకా గట్టిగా. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటిరోజే ఇది నేర్పేవారు.

నేను సరిదిద్దలేదు. పైలం అంటే ఏమిటో చెప్పడం ఎంతసేపు? కానీ చెబితే ఆట ఆగిపోతుంది. నేను నోరు తెరిస్తే పదిమంది ఒక్కసారిగా బదులు పలికే చోటు నాకు ఇంకోటి లేదు. ఇక్కడ నా గదిలో నేను ఏమన్నా గోడలకే. పిట్టకు నా జాగ్రత్త అందుతోంది, నాకు వాళ్ళ నవ్వు అందుతోంది, ఇంకేం కావాలనుకున్నాను.

పోయిన ఏడు చలికాలంలో నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ కప్పు సాసర్ మీద చప్పుడు చేసింది. తర్వాత సూదిలో దారం ఎక్కలేదు. దవాఖానకు పోతే డాక్టరు నా చెయ్యి చాపించి చూసి, ప్రాణం మీదికి వచ్చేదేమీ కాదనీ, వయసుతో కొందరికి వస్తుందనీ, మందుతో కొంత తగ్గొచ్చనీ చెప్పాడు. “రోజువారీ పనులకు ఇబ్బంది ఉండదు లెండి,” అన్నాడు. పిట్టకాలికి రింగు వేయడం నా రోజువారీ పని అవునో కాదో ఆయనకెలా తెలుస్తుంది? మందు వేసుకున్నాను. వసంతం దాకా ఎలాగో తగ్గితే చాలు, ఈ ఒక్కసారికి రింగు నొక్కే పట్కారు పట్టుకోగలిగితే చాలు అనుకున్నాను.

ఉల్లంకి కాలు అగ్గిపుల్ల కంటే సన్నం. రింగును దాని చుట్టూ పెట్టి చిన్న పట్కారుతో నొక్కాలి. సందు మిగిలితే గడ్డి చిక్కుతుంది, ఒత్తిడి పక్కకు పోతే ఎముక విరుగుతుంది. కాలు విరిగిన పిట్ట బురదలో తిండి వెతుక్కోలేదు.

శిబిరంలో మొదటి రోజు ఎలాగో గడిచింది. మోచేతిని బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి వేశాను. రెండో ఉదయం వలలో చాలా పిట్టలు పడ్డాయి, తొందర ఎక్కువైంది. రింగు పెట్టి పట్కారు దగ్గరికి తెచ్చాను. పట్కారు కొసలు గాలిలో టకటకా కొట్టుకున్నాయి. చేతిలోని పిట్ట ఆ చప్పుడుకు బెదిరి గింజుకుంది. నేను ఆగిపోయాను. తలెత్తితే పెద్దాయన నా వంకే చూస్తున్నాడు. అప్పటికి ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో.

ఆయన వచ్చి, నా చేతిలోంచి పిట్టను ఎంతో మర్యాదగా తీసుకుని, రింగు వేసి, తిరిగి నాకే ఇచ్చాడు వదలమని. తర్వాత పక్కకు పిలిచాడు.

“మేడంగారూ, ఏమీ అనుకోకండి. ఈ పూట నుంచి పట్కారు మన కోనసీమ అమ్మాయికిద్దామండి. పట్టుకోవడం, కొలవడం కూడా తనే చూసుకుంటుంది. మీరు రాయండి.”

“ఇప్పటిదాకా ఒక్క పిట్టకన్న దెబ్బ తగిలిందా సార్?”

“తగలకముందే చెబుతున్నానండి.”

ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్ని. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. వణికే చేతికి పట్కారు వద్దని పెన్ను ఇస్తారా? ఆ పూట నేను నింపిన కాగితాలు చూస్తే కోడి కెలికినట్టున్నాయి. ఆరు ఏదో సున్నా ఏదో నాకే తెలియలేదు. పాపం ఆ అమ్మాయి నోరెత్తకుండా అన్నీ మళ్ళీ రాసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ముఖం కడుక్కునే వంకతో తొట్టి దగ్గరికి పోయి ఏడ్చాను కూడా.

సాయంత్రం వలలో పడ్డవాటిలో, కొలతయ్యేదాకా పిట్టలను ఉంచే గుడ్డసంచిలో ఒక్క ఉల్లంకి మిగిలింది. “వదిలేది మీరేనండి మేడంగారూ,” అంటూ ఆ అమ్మాయి తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టింది. పెద్దవాళ్ళ చేత కొబ్బరికాయ కొట్టించినట్టు. అందరూ టీ గ్లాసులతో చుట్టూ చేరారు. నా కుడిచెయ్యి వణుకుతూనే ఉంది, పిట్ట ఆ వణుకులోనే కూర్చుంది. చేతులు విప్పాను. అది ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత బురద మీదుగా కిందికి జారి, నీళ్ళ వైపు తిరిగి పోయింది.

“పైలం!” అన్నాను.

“కార్డేటా!” అని అరిచారంతా. నన్ను ఓదార్చడానికే కాబోలు, ఎప్పటికంటే గట్టిగా అరిచారు.

“కార్డేటా లేదు, గీర్డేటా లేదు!” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “నేనేం పాఠం చెప్తలేను. పైలమంటే జాగ్రత్త. పైలంగ పొమ్మని చెప్తున్న. మా దిక్కు పోయేటోళ్ళకు గట్లనే చెప్తరు.”

ఆ అమ్మాయి టీ గ్లాసు కింద పెట్టి నన్ను అడిగింది. “అయితే ఇన్నేళ్ళూ మీరు వాటికి జాగ్రత్తలు చెబుతున్నారా మేడంగారూ? మాకు చెప్పలేదేమండీ? మేమేమో వెటకారం చేసేశాం.”

వెటకారం కాదమ్మా, అదే నాకు కావాల్సింది అని చెప్పాల్సింది. తల ఊపి డేరాలోకి పోయాను.

మర్నాటి నుంచి ఎవరూ కార్డేటా అనలేదు. నేను పిట్టను వదులుతుంటే అందరూ పనులాపి, దేవుడి ముందు నిలబడ్డ ముఖాలు పెట్టుకుని నిలబడేవారు. పెద్దాయనైతే టోపీ తీసేవాడు. ఎవరైనా చచ్చిపోయారా అని అడగాలనిపించేది. వాళ్ళ మంచితనం నాకు భరించరానిదయింది. నేనే నా చేత్తో ఆ ఆటను చంపుకున్నాను, మళ్ళీ మొదలుపెట్టమని ఎవరిని అడగను? చివరి రోజుల్లో పైలం అని పెదవుల మీదే అనుకుని వదిలేశాను.

బస్సు దగ్గర దింపడానికి ఆ అమ్మాయి వచ్చింది. “వచ్చే ఏడు తప్పకుండా రావాలండి. రాయడానికి మనుషులు దొరకట్లేదు,” అంది. నా రాత సంగతి ఇద్దరికీ తెలుసు. “చూస్త,” అన్నాను.

జహీరాబాద్‌లో దిగేసరికి ఎండ మండిపోతోంది. చిరాగ్‌పల్లి వైపు పోయే లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఇంటావిడ నన్ను చూసి పిట్టల సంగతి అడగలేదు. కొన్ని రోజులు పోయాక, “చేతులు గంత బోసిగున్నయేంది మేడం, చూడబుద్ధి గాదు,” అంది. శిబిరానికి పోయేముందు గాజులు తీసేయడం నా అలవాటు. వల దారాలకు చిక్కుకుంటాయి. ఈసారి వచ్చి చాలా రోజులైనా మళ్ళీ వేసుకోవాలని తోచలేదు.

ఆ సాయంత్రం బజారుకు పోయి గాజుల దుకాణంలో కూర్చున్నాను. మట్టిగాజులు, ఆకుపచ్చవి, ఒక డజను తీయించాను. దుకాణంలో ఉన్నావిడ నన్ను ఎరగదు, నేనూ ఆమెను ఎరగను. ఎడమచేతికి సగం గబగబా ఎక్కించి, కుడిచెయ్యి అందుకుంది. అందుకుని ఆగింది.

“ఏంది మేడం, గిట్ల వణుకుతున్నది?”

“అది అట్లనే. గాజు పలుగుతదేమో, జర చూడు.”

“ఏం పలగది. మీరు చెయ్యి ఢీలా ఇడువుండ్రి. నేను పట్టుకుంట గదా.”

సబ్బునురగ రాసి, నా వేళ్ళు అయిదూ దగ్గరికి చేర్చి తన గుప్పిట్లో పట్టుకుంది. వెచ్చటి చెయ్యి, గట్టి చెయ్యి. బొటనవేలి ఎముకను లోపలికి నొక్కుతూ ఒక్కొక్క గాజే ఎక్కించింది. నా వణుకు ఆమె పట్టులో ఉంది, ఆమె దాన్ని పట్టించుకోకుండా పక్క దుకాణం వాళ్ళతో ఉర్దూలో ఏదో కబుర్లాడుతోంది. ఒక్క గాజూ పలగలేదు.

“అయిపోయింది మేడం, చూస్కోండ్రి,” అంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకో డజను ఎక్కించమన్నాను.