ఆరు షార్ప్ మాస్టర్

మా తిరువళ్ళూరు వెంకటపతి మాస్టర్‌కు లోకంలో ఉన్నవి మూడే మూడు: షార్ప్, ఫ్లాట్, నాచురల్. పియానో నేర్పే మనిషి, నేర్పుకోనీ. కానీ స్వరాల కాగితం మీద ఉండాల్సిన ఆ మూడింటినీ సాంబారులోకీ, చుట్టరికాల్లోకీ లాక్కొచ్చాడు. షార్ప్ అంటే అర మెట్టు పైకి, ఫ్లాట్ అంటే అర మెట్టు కిందికి, నాచురల్ అంటే దాని చోట అది. హోటల్లో కూర్చుని, "సాంబార్లో ఉప్పు షార్ప్ అయిందప్పా, నాచురల్ చెయ్యి" అంటాడు. సర్వరు పాపం చట్నీ తెచ్చి పోస్తాడు.

ఆయన క్లాసు నా సెల్‌ఫోన్ షాపు మీది అంతస్తులో. నడివయసులో నాకూ పియానో పిచ్చి పట్టి ఆయన దగ్గరే చేరాను. "షార్ప్, ఫ్లాట్ సులభం" అని ఆయనొక బోర్డు రాయించాడు. తమిళంలోకి దిగేసరికి, ఆ లిపిలో ఫ లేక, ఫ్లాటు కాస్తా ప్లాటైంది. దండపాణి అనే పెద్దమనిషి అది చూసి మెట్లెక్కాడు.

"ప్లాట్లు ఉండాయా సార్?"

"రెండుండాయి. బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్."

"రోడ్డు పక్కనేనా?"

"ఒకటి గీత మీద ఉండాది, ఇంకోటి సందులో."

"సందులోది వద్దు సార్. గీత మీద దానికి పట్టా ఉండాదా?"

మాస్టర్ ఆయన్ను పియానో ముందు కూర్చోబెట్టి, స్వరాల కాగితం మీద ఆ గీతనూ సందునూ చూపించి, రెండు ఫ్లాట్లూ వాయించి మరీ పంపాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. కానీ ఆయన గడియారం మీద కూడా పడ్డాడు. ఎప్పుడూ ఆరింటికి జరిగే క్లాసుకు, ఒకరోజు నల్లబోర్డు మీద "ఆరు షార్ప్" అని సుద్దముక్కతో రాశాడు. మర్నాడు, మనవణ్ణి వెంటబెట్టుకొచ్చే వరదమ్మ సరిగ్గా ఆరుకు వస్తే తలుపుకు తాళం! మాస్టర్ ఆరుంబావుకు తీరిగ్గా వచ్చాడు.

"ఏమయ్యా, ఆరు షార్ప్ అంటివి గదా?"

"అవునమ్మా. షార్ప్ అంటే పైకి గదా? ఆరుకు కొంచెం పైన. కరెక్టా ఆరయితే ఆరు నాచురల్ అని రాసుంటా."

"ఈయప్పకు బాగా ముదిరింది" అని వరదమ్మ గొణిగింది. మేమంతా తలలూపాం.

ఆ క్లాసులోనే జనని ఉండేది. తిరుత్తణిలో ఒక ప్రైవేటు బడిలో పాటల టీచరు. పియానో గ్రేడు పరీక్ష పాసైతే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికి పొమ్మన్నారు. బడి వదలగానే ఎలక్ట్రిక్ రైలెక్కి పరుగెత్తుకొచ్చేది. ఆమెతో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఒకసారి షార్ప్ కనబడిందంటే, పాట అయిపోయేదాకా దాన్ని పట్టుకునే వాయించేది.

"నిలువు గీత దాటినాక షార్ప్ యాడిదమ్మా?" అని మాస్టర్ నెత్తి కొట్టుకునేవాడు. "అది ఆ గీత వరకే. దాటితే మామూలే!"

పరీక్ష మద్రాసులో. హాల్ టికెట్టు మీద "పది గంటలకు షార్ప్" అని ఉంది. అది చదవగానే మాస్టర్ ఆరుంబావు నా కళ్ళముందు మెదిలింది. జననిని వెంటబెట్టుకుని వెళ్ళేది మాస్టరే! ఈయన పదింబావుకు తీరిగ్గా దించితే ఆ పిల్ల ఉద్యోగం గంగలో కలిసినట్టే. పరీక్ష రోజు తెల్లారకముందే స్టేషనుకు పరుగెత్తాను. మాస్టర్ అప్పటికే ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లంతో పచార్లు చేస్తున్నాడు.

"సార్, పది షార్ప్ అంటే పదికి పైన కాదు, కరెక్టా పది!"

"నాకు తెలీదా యువరాజ్? అందుకే ఆ పిల్లను మొదటి బండికే రమ్మన్నా. నా షార్ప్ మన క్లాసు గడప వరకే. గీత దాటినాక షార్ప్ యాడిది?"

"మరి క్లాసులో ఎందుకు సార్ ఆ తిప్పలు?"

"ఆ పిల్ల వచ్చే సాయంత్రం బండి దినామూ లేటు గదప్పా! 'నీకోసరం మా పిల్లోడు చెప్పిందే ఎన్నిసార్లు వినాల' అని ఆ పిల్లను వరదమ్మ అందరి ముందరా అనేసింది. పిల్ల మానేస్తానన్నది. బండిని సీక్రం తోసేది నా చేత అవుతుందా? ఆరునే కొంచెం పైకి జరిపినా. ఆ పిల్లకు చెప్పొద్దు."

నాకప్పుడు గుర్తొచ్చింది. వరదమ్మ ఆ మాటన్న మర్నాడే బోర్డు మీద షార్ప్ వచ్చింది. అప్పట్నుంచి జనని ఒక్కనాడూ లేటు కాలేదు. ఇంత మంచి మనిషినా మనం పిచ్చోడన్నాం అని ముచ్చటేసింది. అంతలో రైలొచ్చింది. తలుపు దగ్గర జనని చేతులూపుతోంది. మాస్టర్ ముందు పొట్లాన్నీ, తర్వాత తననూ లోపలికి చేర్చుకున్నాడు.

పరీక్షలో జనని నిలువు గీత దాటగానే షార్ప్ వదిలేసిందట. పాసైంది, ఉద్యోగం ఖాయమైంది. మిఠాయిలు తెచ్చి నా చేతిలో పెడుతూ, "మాస్టర్‌కు పియానో వచ్చినంత బాగా గడియారం రాదన్నా, పాపం" అంది. నేను మైసూర్‌పాకు నోట్లో కుక్కుకున్నాను.

ఇప్పుడు జనని ఆదివారాల్లోనే వస్తోంది. మొన్నామధ్య ఒక సోమవారం నేను ఎప్పటిలా ఆరుంబావుకు తీరిగ్గా పైకి వెళితే, క్లాసు సగంలో ఉంది. ముందు వరసలో వరదమ్మ నన్ను చూసి కులాసాగా నవ్వింది.

"ఆరు షార్ప్ గదా సార్?" అన్నాను.

"కింద షాపు పెట్టుకున్నోడివి, నీకేం షార్పప్పా?" అన్నాడు మాస్టర్. "నువ్వు నాచురల్‌గా రా."